మూడో గడి

మొదటి రోజు మధ్య గడిలో
'కోపం' అని రాశాను.
అస్లౌగ్ ఎర్ర పెన్నుతో కొట్టేసింది.
"కోపం నీకెక్కడ కనిపించింది?
కనిపించింది రాయి."
మళ్ళీ రాశాను:
కుడి అరచేత్తో చెవి మీద, ఆరుసార్లు.

మూడు గళ్ళ కాగితం అది.
ముందేం జరిగింది, వాడేం చేశాడు,
తరవాతేం జరిగింది.
లోకమంతా అందులో పడుతుందని
వార్డోలో ఆ అక్టోబరున నమ్మేదాన్ని.

తూర్యుస్‌కి ఆరేళ్ళు. మాటల్లేవు.
వాళ్ళమ్మ గున్‌వోర్ ఫ్యాక్టరీలో చేపలు కోసి
చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చేది.
అడిగేది ఒక్కటే: ఎందుకు కొట్టుకుంటాడు?
ఎందుకు అన్నదానికి మా దగ్గర జవాబులు నాలుగే.
కావాలనా, వద్దనా,
నన్ను చూడమనా,
ఊరికే ఒంటికి అదోలా బాగుండా.
నాలుగు వారాలు లెక్కపెట్టాక తేలింది,
కిటికీకి తెర దించినప్పుడే చెవి ఎర్రబడుతోందని.
కిటికీ అవతల రేవు.
నాలుగింటికి రేవులోకి తీరపు ఓడ,
ఒంటినిండా దీపాలతో.

బడివాళ్ళు పంపిన లక్ష్యం ఒకటుంది ఫైల్లో:
'పది నిమిషాలు కదలకుండా,
చప్పుడు చేయకుండా కూర్చోవాలి.'
అస్లౌగ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది.
"ఈ పని శవం చేయగలదా?"
చేయగలదు, అన్నాను. మనకన్నా బాగా.
"శవానికి చేతనైంది ప్రవర్తన కాదు. తీసెయ్."
గున్‌వోర్ నవ్వలేదు.
వాళ్ళ నాన్నని సముద్రం తిరిగివ్వలేదు.
కాసేపాగి,
తీసెయ్యండి, అంది.

తెర తాడు నా చేతికొచ్చింది.
మొదట కిటికీ వైపు తల తిప్పితే చాలు,
తెర జానెడు పైకి.
తరవాత తల చాలదు, పెదాలు కలపాలి.
తరవాత పెదాలు చాలవు, ఊపిరి కావాలి.
మెట్టు మెట్టుకీ ధర పెంచే ఈ వ్యాపారాన్ని
ఆకృతీకరణ అంటారు.
కుమ్మరి చేసేదీ ఇదే కదా అనుకుందామంటే
మట్టి ఏ కుమ్మరి మణికట్టూ కొరకలేదు.

చెవి కొట్టుకుంటే మాత్రం తెర లేవదు.
దీపం ఆరే ముందు భగ్గుమంటుందని తెలుసు,
పుస్తకంలో దానికో పేరు కూడా ఉంది.
పేరు తెలిసినంత మాత్రాన ఆ మంగళవారం
ఒక్క నిమిషం కూడా పొట్టిది కాలేదు.
నలభై మూడు. నలభై నాలుగు.
వాడి చేతికీ చెవికీ మధ్య నా అరచెయ్యి.
గున్‌వోర్ బయట మెట్ల మీద, కోటు లేకుండా.
బుధవారం పదకొండు.
గురువారం రెండు.
ఎనిమిదో వారం, "బ".

జనవరి.
ఏడు వారాలుగా సూర్యుడు లేడు.
ఇవాళ తుఫాను, ఓడ రాదని రేడియో చెప్పింది.
తెర ఎత్తే ఉంది. అవతల నలుపు తప్ప ఏమీ లేదు.
తూర్యుస్ గాజుకి ముక్కు ఆనించి చాలాసేపు వెతికాడు.
నా వైపు తిరిగాడు.
"బోట్."
మొత్తం మాట. చివరి ట్ కూడా.

అడిగితే ఇస్తాం, అదీ ఒప్పందం.
మూడు సెకన్లలోపు ఇవ్వాలి, అది సూత్రం.
ఒకటి.
రెండు.
లేచి, అరచేతులు నోటి చుట్టూ దొన్నెలా పట్టి
బూ... అని కూశాను.
వాడు నా గొంతు మీద వేలు పెట్టి
అదురు చల్లారేదాకా ఉంచాడు.
"బోట్."
పంతొమ్మిదిసార్లు రేవుకొచ్చాను.

తరవాతేం జరిగింది అన్న గడిలో
ఇంకేం తోచక 'ఓడ' అని రాశాను.
సాయంత్రం అస్లౌగ్ కాగితం చూసింది,
పెన్ను మూత తీసింది.
"ఓడ నీకెక్కడ కనిపించింది?"
చెబుదామని నోరు తెరిస్తే
గొంతు లేదు, గాలి వచ్చింది.
పెదాలు కలిపాను.
"బ", అన్నాను.
ఆమె మూత పెట్టేసింది.